కాస్‌ప్లే దుస్తుల సైజు: ఎత్తు ఒకటి, ఛాతీ ఒకటి, తుంటి ఒకటి చెబితే ఏది నమ్మాలి?

సముద్రపుగాలి (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. ఈసారి కామిక్స్ అభిమానుల వేడుక అయిన హైదరాబాద్ కామిక్‌కాన్‌కు నేనూ, నా స్నేహితురాళ్ళిద్దరూ కథల్లోని పాత్రల వేషాలు (కాస్‌ప్లే) వేసుకుని వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. నా వంతుకు ఖడ్గవీరుడి వేషం వచ్చింది. నిలువు కాలరున్న నల్ల కోటు, మోకాలి కింద దాకా వదులుగా వేలాడే కుచ్చిళ్ళ జపాన్ లాగు హకామా, అన్నిటికీ పైన వేసుకునే జపాన్ పైకోటు హవోరి, పిక్కలకు చుట్టుకునే పట్టీలు, అన్నీ కలిపి ఒకే సెట్టుగా చైనాలోని ఒక తయారీదారు దగ్గర దొరుకుతున్నాయి. చిక్కేమిటంటే సెట్టు మొత్తానికి ఒకే సైజు ఎంచుకోవాలి. కోటు ఒక సైజులోనూ హకామా మరొక సైజులోనూ ఇవ్వరు.

వారి పట్టిక సెంటీమీటర్లలో ఉంది. ఎం సైజుకు ఎత్తు 160 నుంచి 165, ఛాతీ 88, నడుము 70, తుంటి 94. ఎల్ సైజుకు ఎత్తు 165 నుంచి 170, ఛాతీ 92, నడుము 74, తుంటి 98. ఎక్స్‌ఎల్ సైజుకు ఎత్తు 170 నుంచి 175, ఛాతీ 96, నడుము 78, తుంటి 102. నిన్న రాత్రి అమ్మ చేత కొలిపించుకుంటే నా ఎత్తు 162, ఛాతీ 92, నడుము 77, తుంటి 101 వచ్చాయి. అంటే నా ఎత్తు ఎం అంటోంది, ఛాతీ ఎల్ అంటోంది, నడుమూ తుంటీ ఎక్స్‌ఎల్ అంటున్నాయి.

ఇంతగా ఆలోచించడానికి కారణం ఉంది. కిందటేడు బడిపిల్ల వేషానికి ఒక గౌను తెప్పించుకున్నాను. ఇక్కడ కొనే కుర్తీలన్నీ ఎం సైజే సరిపోతాయి కనుక మరో మాట లేకుండా ఎం పెట్టాను. నెల తరువాత వచ్చిన ఆ గౌను జిప్పు వీపు మీద సగం దాకా వచ్చి, భుజపుటెముకల కింద ఆగిపోయింది. అమ్మ రెండు పక్కల గుడ్డనూ దగ్గరకు లాగి పట్టుకుంటే చెల్లి జిప్పును పైకి ఈడ్చింది, చివరికి జిప్పు పన్ను ఒకటి ఊడి దాని చేతిలోకి వచ్చింది. తిప్పి పంపుదామంటే పంపే ఖర్చే గౌను ధరలో సగానికి పైగా అయ్యేలా ఉంది. అది ఇప్పటికీ బీరువాలో వేలాడుతోంది. లోపలి లేబుల్ మీద 160/84ఎ అని ఉంది, దాని అర్థమేమిటో నాకు తెలియదు.

చైనా దుస్తులైతే కళ్ళు మూసుకుని రెండు సైజులు పెద్దది తీసుకోవాలని కొందరు చెబుతున్నారు. అది నమ్మదగిన సూత్రమేనా? ఎనిమిది వందల రూపాయలు అదనంగా ఇస్తే నా కొలతలకే కుట్టిస్తామని అమ్మకందారు అంటున్నారు గాని, అలా కుట్టించినదాన్ని వాపసు తీసుకోరట. నేను ఏ దారి పట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఓవర్‌లాక్ (పూర్ణా మార్కెట్ దగ్గర):

అమ్మా, నేను ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. కాస్‌ప్లే అన్న మాట మాత్రం ఈ మధ్యనే తెలిసింది, అదీ కాలేజీ పిల్లలు ఎక్కడి నుంచో తెప్పించుకుని, పట్టడం లేదంటూ నా బల్ల మీద పెట్టి వెళ్ళిన దుస్తుల వల్ల తెలిసింది. కనుక వేషం గురించి కాకుండా గుడ్డ గురించి మాత్రమే చెబుతాను.

జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్ళేటప్పుడు మీ అమ్మగారు దర్జీకి ఏమి ఇస్తారో గుర్తు చేసుకోండి. ఆది జాకెట్టు ఇస్తారు. టేపుతో ఒంటిని కొలిస్తే ఊపిరి బిగబట్టినప్పుడు ఒక అంకె, వదిలినప్పుడు ఒక అంకె, భోజనం చేశాక మరొక అంకె వస్తాయి. ఒంటికి ఇదివరకే కుదిరిన బట్టను కొలిస్తే ఎన్నిసార్లు కొలిచినా ఒకటే వస్తుంది. మీ దగ్గర ఇలాంటి కోటు ఏదైనా ఉంటే, కాలేజీ బ్లేజరైనా సరే, దాన్ని ఆదిగా పెట్టుకోండి. గుండీలు పెట్టి, ముడతలు లేకుండా మంచం మీద పరిచి, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా, ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు దాకా, కింది అంచు వెడల్పూ కొలిచి రాసుకోండి.

ఆ తరువాత అమ్మకందారును ఒకే ప్రశ్న అడగండి: పట్టికలో ఉన్నది ఒంటి కొలతా, కుట్టిన బట్ట కొలతా? ఒంటిదైతే దాని మీద వారు వదులు కలిపి కుడతారు. సాగని గుడ్డతో కుట్టిన చొక్కాకు ఛాతీ చుట్టూ మూడు నాలుగంగుళాలు, లోపల మరొకటి తొడుక్కునే కోటుకు అంతకంటే కొంచెం ఎక్కువ వదులు కావాలి. అలా కాకుండా 92 అన్నది బట్ట కొలతే అయితే, 92 ఛాతీ ఉన్న మనిషికి ఆ కోటు గుండీలు ఎలాగో పడతాయి, చేతులు మాత్రం పైకి లేవవు. ఏ జవాబు వచ్చినా వదలకుండా బట్ట కొలతలు కూడా రాయించుకోండి. ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశముంది. మన దర్జీలు ఛాతీ లూజు అంటే చుట్టుకొలత అని అర్థం. వారు పంపేది చాలాసార్లు పరిచి కొలిచిన వెడల్పు, అంటే సగం. కనుక 52 అని రాసి ఉంటే కంగారుపడకుండా రెట్టింపు చేసుకోండి.

ఏ కుట్టు విప్పవచ్చో, ఏది విప్పకూడదో తెలిస్తే సైజు ఎంచుకోవడం సగం తేలికవుతుంది. మన జాకెట్టులో పక్కల లోపల అంగుళం దాకా గుడ్డ వదిలి రెండు మూడు వరసలు కుడతాం, మనిషి ఒళ్ళు చేస్తే ఒక వరస విప్పుతాం. ఫ్యాక్టరీ బట్టలో ఆ ధర్మం లేదు. కుట్టు పక్కన సెంటీమీటరు గుడ్డ ఉంచి, మిగిలినది కోసేసి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కుట్టు వేసేస్తారు. విప్పితే లాభం అర అంగుళం కూడా ఉండదు, పైగా పాత కుట్టు రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. కనుక బిగువుగా వచ్చినదానికి నా దగ్గర మందు లేదు. వదులుగా వచ్చినదాన్ని పక్కల నుంచి లాగవచ్చు, పొడుగైతే మడవవచ్చు. అయితే భుజం ఎక్కువైతే లాగడం తేలిక కాదు. చేతులు ఊడదీసి, చంక గుండ్రాన్ని కొత్తగా కత్తిరించి, మళ్ళీ ఎక్కించాలి. అస్తరు ఉన్న కోటుకు ఆ పని చేయడం కంటే కొత్తది కుట్టడమే నయం. రెండు సైజులు పెద్దది తీసుకోమనే సలహా ఇక్కడే బెడిసికొడుతుంది: ఛాతీ సుఖంగానే ఉంటుంది, భుజాలు మాత్రం నాన్నగారి చొక్కా తొడుక్కున్నట్టు మోచేతుల వైపు జారిపోతాయి.

మరొక మాట. మీరు కొలిచిన టేపును ముందు ఉక్కు స్కేలు పక్కన పెట్టి చూడండి. కుట్టుమిషను సొరుగులో ఏళ్ళ తరబడి పడి ఉన్న ప్లాస్టిక్ టేపులు సాగి ఉంటాయి.

ఒడ్డూపొడుగూ (గాజువాక):

ఓవర్‌లాక్ గారు చెప్పినదంతా సాగని గుడ్డకు అక్షరాలా నిజం. సాగే లైక్రాతో కుట్టిన, తల కింద నుంచి పాదాల దాకా ఒకే ముక్కగా ఉండే సూపర్‌హీరో సూట్లకు మాత్రం దాన్ని తిరగేసుకోవాలి. సముద్రపుగాలి గారి స్నేహితురాళ్ళలో ఎవరైనా అటువంటిది తీసుకుంటున్నారేమోనని రాస్తున్నాను.

ఆ సూట్లను ఒంటి కొలత కంటే తక్కువగానే కుడతారు, గుడ్డ సాగి ఒంటికి అతుక్కోవాలి. నా ఎత్తు 181 సెంటీమీటర్లు, మనిషిని కొంచెం భారీ. బిగుస్తుందేమోనన్న భయంతో పట్టికలో నా ఛాతీకి వచ్చిన సైజు కంటే ఒకటి పెద్దది తెప్పించాను. పొట్ట మీద, మోకాళ్ళ వెనక గుడ్డ ముడతలు పడింది. దాని మీద కండలు ఉబ్బినట్టు అచ్చువేసిన నీడలు ఆ ముడతల్లో వంకరపోయి, వీరుడు జ్వరం నుంచి లేచినట్టు కనిపించాడు. వింత ఏమిటంటే అంత వదులైన సూటే భుజాల మీద మాత్రం కోసుకుపోయేలా లాగింది, నిటారుగా నిలబడితే కాళ్ళ మధ్య పట్టేసింది.

కారణం తరువాత తెలిసింది. ఇటువంటి సూటుకు ఛాతీ కంటే, ఎత్తు కంటే ముఖ్యమైనది మొండెం చుట్టుకొలత. మెడ పక్కన భుజం మీద టేపు ఆనించి, ముందు నుంచి కిందికి తెచ్చి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసుకుని, వీపు మీదుగా మళ్ళీ అదే భుజం దగ్గరకు చేర్చాలి. ఒంటరిగా కొలుచుకోవడం కుదరదు, మా అన్నయ్య కొలిచాడు, నవ్వుతూనే కొలిచాడు. నాకు 172 వచ్చింది, నేను తెప్పించినది 166కు కుట్టినది. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్ళు పొడవు, మరొకరికి మొండెం పొడవు కావచ్చు. ఎత్తు అంకె ఆ తేడా చెప్పదు. అదనపు రుసుము ఇచ్చి సొంత కొలతలకు కుట్టించుకోవడం నా దృష్టిలో ఈ ఒక్క రకానికే తగిన ఖర్చు.

కోటు లోపల ఫోమ్ కవచం పెట్టుకునేవారు ఇంకొక లెక్క వేసుకోవాలి. ఛాతీ చుట్టూ 10 మిల్లీమీటర్ల మందం ఫోమ్ చుడితే చుట్టుకొలత దాదాపు 6.3 సెంటీమీటర్లు పెరుగుతుంది, 5 మిల్లీమీటర్లదైతే అందులో సగం. ఒంటి కొలతతో కోటు కొని, తరువాత దాని కింద కవచం తొడగబోతే గుండీ దగ్గరే పని ఆగిపోతుంది.

సముద్రపుగాలి (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):

ఓవర్‌లాక్ గారూ, మీరు మా ఇంటి సొరుగు చూసినట్టే రాశారు. ఉక్కు స్కేలు మీద 30 సెంటీమీటర్లు ఉన్న చోట అమ్మ టేపు 29.5 చూపించింది. ఆ టేపు వయసు నా వయసు కంటే ఎక్కువట. జగదాంబ జంక్షన్‌లో కొత్త టేపు కొని మళ్ళీ కొలిస్తే ఛాతీ 93.5, నడుము 78, తుంటి 102.5 వచ్చాయి. పాత అంకెలతో సొంత కొలతలకు కుట్టించుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె జారుతోంది.

నా కాలేజీ బ్లేజరు పరిస్తే చంక నుంచి చంకకు 51, భుజం నుంచి భుజానికి 39, కింది అంచు 53 ఉన్నాయి. అది తొడుక్కుని స్కూటీ నడుపుతాను, ఎక్కడా పట్టదు.

అమ్మకందారు రెండు రోజుల తరువాత జవాబిచ్చారు. పట్టికలో ఉన్నవి ఒంటి కొలతలేనట. కుట్టిన కోటు కొలతలు ఎల్ సైజుకు చంకల మధ్య 52, భుజం 40.5, కింది అంచు 51.5. ఎక్స్‌ఎల్‌కు 54, 42, 53.5. హకామా నడుములో వెనక వైపు ఎలాస్టిక్ ఉంది, ఎల్ సైజు 70 నుంచి 86 దాకా, ఎక్స్‌ఎల్ 74 నుంచి 90 దాకా సాగుతుంది. కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండు సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చని కూడా రాశారు. కొత్త కొలతలతో పట్టికను చూస్తే ఎక్స్‌ఎల్ అనే తేలుతోంది. బ్లేజరును చూస్తే ఎల్ అనిపిస్తోంది.

అట్టముక్కలు (సీతమ్మధార):

పెద్ద ప్రశ్నకు ఓవర్‌లాక్ గారే జవాబు చెప్పాలి. నేను ఆ పాత గౌను లేబుల్ సంగతి, ఇంకొక రెండు చిన్న సంగతులు చెబుతాను.

160/84ఎ అన్నది చైనా దేశపు దుస్తుల ప్రమాణం ప్రకారం వేసే గుర్తు. మొదటిది ఆ బట్ట ఏ ఎత్తు మనిషిని ఉద్దేశించినదో చెబుతుంది, రెండోది ఆ మనిషి ఛాతీ కొలత, చివరి అక్షరం ఛాతీకీ నడుముకూ మధ్య ఉన్న తేడా. స్త్రీల దుస్తుల్లో ఎ అంటే ఆ తేడా 14 నుంచి 18 సెంటీమీటర్లు. కనుక ఆ గౌను 160 ఎత్తు, 84 ఛాతీ, 66 నుంచి 70 నడుము ఉన్న అమ్మాయికి కుట్టినది. అక్కడ స్త్రీల ఎం సైజు దుస్తుల మీద మామూలుగా కనిపించే గుర్తు ఇదే. మీ ఛాతీ 93.5, నడుము 78 కనుక తేడా 15.5, అంటే మీరూ ఎ వర్గమే. మీ ఒంటి తీరుకూ ఆ గౌనుకూ పేచీ లేదు, పేచీ అంతా ఎం అన్న అక్షరంతోనే. అమ్మకందారు ఫొటోల్లో లేబుల్ కనిపించేలా ఒకటి పంపమని అడిగితే కొందరు పంపుతారు. అయితే చాలా కాస్‌ప్లే తయారీదారులు ఈ ప్రమాణాన్ని పక్కన పెట్టి సొంత పట్టికలతో కుడతారు కనుక లేబుల్ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకూడదు.

విగ్గు కూడా తెప్పించుకుంటున్నట్లయితే తల చుట్టుకొలతను జడ వేసుకుని కాకుండా, జుట్టును చదునుగా చుట్టి వలటోపీ పెట్టుకున్నాక కొలవండి. మామూలు విగ్గులు 56 సెంటీమీటర్ల తలకు అటూ ఇటూగా సరిపోతాయి, లోపల బిగించుకునే పట్టీలు ఉంటాయి. మన అమ్మాయిల ఒత్తైన పొడుగు జుట్టు లోపల చేరితే ఆ పట్టీలు చివరి కొక్కేనికి వచ్చినా చాలకపోవచ్చు. ఇక చెప్పులు, బూట్లు. అక్కడి సైజు తరచూ పాదం పొడవును మిల్లీమీటర్లలో చెబుతుంది, 235 అంటే 23.5 సెంటీమీటర్ల పాదం. కాగితం మీద నిలబడి, సాయంత్రం పూట, వేషంలో వేసుకునే మేజోళ్ళతోనే గీత గీసి కొలుచుకోండి. పొద్దుటి పాదానికీ, రోజంతా నడిచిన పాదానికీ తేడా ఉంటుంది, కామిక్‌కాన్‌లో రోజంతా నిలబడే ఉంటారు.

ఓవర్‌లాక్ (పూర్ణా మార్కెట్ దగ్గర):

అమ్మా, ఎల్ తీసుకోండి.

మీ బ్లేజరు ఛాతీ రెట్టింపు చేస్తే 102, ఎల్ కోటు 104. మీ ఒంటి మీద పది సెంటీమీటర్లకు పైగా వదులు మిగులుతుంది, కత్తి ఎత్తడానికి అది చాలు. వారు చెప్పినట్టు ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గినా ఇబ్బంది లేదు. ఎల్ భుజం మీ బ్లేజరు కంటే ఒకటిన్నర సెంటీమీటర్లే ఎక్కువ, ఒక్కొక్క వైపు ముప్పావు సెంటీమీటరు. అది ఎవరి కంటికీ ఆనదు. ఎక్స్‌ఎల్ అయితే మూడు సెంటీమీటర్లు, అది ఆనుతుంది. హకామా కుచ్చిళ్ళది కనుక తుంటికి చిక్కులేదు, నడుము 78 కాబట్టి ఎల్ ఎలాస్టిక్ సగమే సాగి ఆగుతుంది. 165 ఎత్తుకు కోసిన పొడవు మీకు కాస్త ఎక్కువే అయినా, పిక్కల పట్టీ మీద పడి ఉబ్బుతుంది, ఆ వేషానికి ఉబ్బే అందం.

ఒక్క చోటే అనుమానం. ఎల్ కోటు కింది అంచు రెట్టింపు చేస్తే 103, మీ తుంటి 102.5. నిలబడితే సరిపోతుంది, కూర్చుంటే పైకి ఎగదన్నుకుంటుంది. దానికోసం సైజు మార్చనక్కర్లేదు. రెండు పక్కల కుట్లూ కింది నుంచి నాలుగంగుళాలు విప్పి, కుర్తీకి పెట్టినట్టు చీలిక పెట్టించి, అంచులు సన్నగా మడిచి కుట్టించండి. పైన హవోరి పడుతుంది కనుక ఎవరికీ కనిపించదు. దాచగలిగిన చోట బిగువుకు ఒప్పుకోవచ్చు, భుజం లాంటి చోట ఒప్పుకోకూడదు. ఆ ఎనిమిది వందలు మీ దగ్గరే ఉంచుకోండి.

వచ్చిన రోజే లేబుళ్ళు కత్తిరించకండి. లోపల ఏ బనియను వేసుకుంటారో అదే వేసుకుని, కోటు తొడుక్కుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి, రెండు చేతులూ తల మీదికి ఎత్తండి, వంగి కాలి పట్టీ కట్టుకోండి. అది కూడా ఫ్యాను కింద కాదు. మన ఊరి ఉక్కపోతలో చెమట పట్టిన చేతికి పాలియెస్టరు అస్తరు అతుక్కుంటుంది, అప్పుడే చంక దగ్గర అసలు సంగతి తెలుస్తుంది.

సముద్రపుగాలి (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):

ఎల్ సైజు సెట్టు నాలుగు వారాల తరువాత నిన్న చేరింది. ముందుగా మంచం మీద పరిచి కొలిచాను. చంకల మధ్య 52 అన్నది 51.3 ఉంది, భుజం సరిగ్గా 40.5 ఉంది. డాబా మీద మధ్యాహ్నం రెండు గంటల ఎండలో తొడుక్కుని అరగంట తిరిగాను. కత్తికి బదులు చీపురు తిప్పాను, పక్కింటి పిన్నిగారు వింతగా చూసినా చంక దగ్గర కుట్టు ఎక్కడా పట్టలేదు. బాసింపట్టు వేసుకుని కూర్చోగానే మాత్రం మీరన్నట్టే కోటు అంచు నడుము దాకా ఎగదన్నుకుంది. ఈ ఉదయం మా వీధి దర్జీ నాలుగంగుళాల చీలికలు పెట్టి ఇచ్చారు, ఇప్పుడు కూర్చున్నా కదలడం లేదు.

పాత గౌనుకు కొత్త జిప్పు వేయించి చెల్లికి ఇచ్చాను. చెల్లి ఛాతీ 82, పన్ను ఊడదీసినది కూడా అదే కనుక జిప్పు ఖర్చు దాని జేబు నుంచే కట్టించాను.

ఇక మిగిలినది సెట్టుతో వచ్చిన బెల్టు ఒక్కటే. దాని కొలత అడగడం నాకూ తోచలేదు, పట్టికలోనూ లేదు. కోటు మీద చుట్టుకుంటే ఆఖరి రంధ్రానికి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోతోంది. చివర ఇంకా గుడ్డ ఉంది కనుక రెండు రంధ్రాలు పొడిపించి వాటికి ఇత్తడి రింగులు వేయించుకుంటాను.